రంజీ ట్రోఫీ

రంజీ ట్రోఫీ భారతదేశంలో రాష్ట్రాలు, ప్రాంతాలు, రైల్వేస్, సర్వీసెస్ వంటి సంస్థల జట్ల మధ్య జరిగే జాతీయ క్రికెట్ పోటీ. విజేతకు దక్కే కప్పు పేరే పోటీకీ స్థిరపడింది. 1934-35లో మొదలైన ఈ పోటీలో ఇప్పుడు లీగ్ మ్యాచ్‌లు నాలుగు రోజులు, నాకౌట్ మ్యాచ్‌లు ఐదు రోజులు సాగుతున్నాయి. తెలుగు నేల నుంచి ఇందులో ఆడే జట్లు రెండు: హైదరాబాద్, ఆంధ్ర. భారత జట్టులోకి వెళ్ళే రాజమార్గం చాలాకాలం ఇదే. ఏ ప్రాంతానికి ఇందులో చోటు ఉంటే ఆ ప్రాంతపు కుర్రాడికే టెస్టు ఆడే ఆశ ఉండేది. అందువల్ల ఎవరు ఎన్నిసార్లు గెలిచారన్నది ఈ ట్రోఫీ చరిత్రలో సగమే. ఎవరికి ఎప్పుడు జట్టు దక్కిందన్నది మిగతా సగం.

నేపథ్యం

రంజీ ట్రోఫీకి ముందు దేశంలో పెద్ద క్రికెట్ అంటే బొంబాయిలో జరిగే పోటీయే. అందులో జట్లు మతాల వారీగా ఉండేవి. మొదట యూరోపియన్లు, పార్శీలు తలపడేవారు. 1907లో హిందువుల జట్టు, 1912లో ముస్లింల జట్టు చేరాయి. 1937లో క్రైస్తవులు, యూదులు మొదలైనవారికి ‘రెస్ట్’ పేరిట అయిదో జట్టు ఏర్పడింది. మైదానాలు కిక్కిరిసిపోయేవి. కానీ ఆటగాడు తన ఊరికి కాక తన మతానికి ప్రతినిధిగా దిగేవాడు. 1940లో గాంధీజీ ఈ పద్ధతిని బహిరంగంగా వ్యతిరేకించారు. జనాదరణ మాత్రం తగ్గలేదు. చివరికి 1946లో పోటీ ఆగిపోయింది. ప్రాంతాన్ని ఆధారంగా చేసుకుని జట్లు కట్టిన రంజీ ట్రోఫీ పదేళ్ళకు పైగా ఈ పోటీ నీడలో, పలుచని ప్రేక్షకుల మధ్య పెరిగింది. ఒక పార్శీ, ఒక ముస్లిం, ఒక హిందువు ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని ఒకే ఊరి కోసం ఆడడాన్ని ఏటా జరిగే మామూలు విషయంగా మార్చింది ఈ పోటీయే. దాని ఘనతల్లో మొదట చెప్పవలసింది ఇది.

కప్పు పుట్టుక

భారత క్రికెట్ నియంత్రణ మండలి 1928లో ఏర్పడింది. 1932లో భారత్ లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడింది, 1933 డిసెంబరులో బొంబాయిలో సొంతగడ్డపై తొలి టెస్టు జరిగింది. అయితే అంతటి దేశంలో టెస్టు జట్టును ఎంపిక చేయడానికి ఒక జాతీయ పోటీ అంటూ లేదు. 1934 వేసవిలో సిమ్లాలో బోర్డు సమావేశమైనప్పుడు కార్యదర్శి ఆంథొనీ డి మెల్లో ఆ ప్రతిపాదన తెచ్చారు. వెంట ఒక బొమ్మ కూడా తెచ్చారు. రెండడుగుల ఎత్తున్న గ్రీకు కలశం, మూత మీద పిడిగా కాలపురుషుడి ఆకారం. పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ వెంటనే లేచి, ఆ కప్పును 500 పౌండ్ల విలువైన బంగారంతో చేయించి రంజీ పేరిట ఇస్తానన్నారు.

రంజీ అంటే నవానగర్ జామ్ సాహెబ్ కుమార్ శ్రీ రంజిత్‌సింహ్‌జీ. అంతకు ఏడాది ముందే, 1933 ఏప్రిల్‌లో మరణించారు. లెగ్ గ్లాన్స్‌ను కళగా తీర్చిదిద్దిన బ్యాటర్, ససెక్స్ కౌంటీకి ఆరాధ్యుడు. ఇంగ్లండ్ తరఫున 15 టెస్టులు ఆడారు. ఆయన ఆడినంతకాలం భారత్‌కు టెస్టు జట్టే లేదు. ఆయన సోదరుడి కొడుకు దులీప్‌సింహ్‌జీ కూడా ఇంగ్లండ్‌కే ఆడారు. అంటే భారతదేశపు జాతీయ పోటీకి, భారత్ తరఫున ఒక్క టెస్టూ ఆడని వ్యక్తి పేరు పెట్టారు. అయినా అప్పటికి ప్రపంచానికి అందరికన్నా బాగా తెలిసిన భారతీయ క్రికెటర్ పేరు అదే. ఆ ఎంపికలో తప్పు పట్టవలసినదేమీ లేదు.

పేరు మాత్రం అంత తేలిగ్గా నిలబడలేదు. విజయనగరం రాజకుటుంబానికి చెంది, కాశీలో స్థిరపడిన మహారాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు, అంటే క్రికెట్ లోకానికి ‘విజ్జీ’, పటియాలాకు ప్రత్యర్థి. వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్‌కు పటియాలా మీద సదభిప్రాయం లేదు. దీన్ని గమనించిన విజ్జీ, వైస్రాయ్ పేరుతో మరో బంగారు కప్పు ఇస్తానని ముందుకొచ్చారు. బోర్డు ఒక దశలో దానికే మొగ్గింది. మొదటి సీజన్ పూర్తయ్యే వేళకు ఏ కప్పు ఇవ్వాలన్నది తేలవలసి వచ్చింది. చివరికి విజేత బొంబాయికి దక్కింది రంజీ ట్రోఫీయే. భారత క్రికెట్ రాజకీయాల్లో విజ్జీ చేతుల్లో పటియాలా వర్గం ఓడిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఇక్కడ మాత్రం విజ్జీ మాట నెగ్గలేదు.

తొలి సీజన్లు

1934 నవంబరు 4న మద్రాసు చేపాక్ మైదానంలో మద్రాసు, మైసూరు జట్లు ఆడిన మ్యాచ్‌తో పోటీ మొదలైంది. తొలి బంతి వేసినవాడు మద్రాసు ఆటగాడు ఎం.జె. గోపాలన్. ఎ.జి. రామ్‌సింగ్ 11 వికెట్లు తీయడంతో ఆట ఒక్క రోజులోనే ముగిసి, మైసూరు ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. పోటీలో తొలి శతకం హైదరాబాదీది. సికింద్రాబాద్‌లో మద్రాసు మీద సయ్యద్ మహ్మద్ హాదీ 132 పరుగులతో అజేయంగా నిలిచాడు. హాదీ మామూలు మనిషి కాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడినవాడు, డేవిస్ కప్‌లో దేశానికి ప్రాతినిధ్యం వహించినవాడు. ఎన్నో ఆటల్లో ఆరితేరినందువల్ల ‘రెయిన్‌బో’ అన్న ముద్దుపేరు వచ్చింది.

హైదరాబాద్‌లో క్రికెట్‌కు అప్పటికే పునాది ఉంది. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ దేశంలోని పెద్ద ఆటగాళ్ళందరినీ ఈ నగరానికి రప్పించేది. ఆ పునాది మీదే 1937-38లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది. బొంబాయిలో జరిగిన ఫైనల్‌లో ప్రత్యర్థి నవానగర్. అంతకుముందు ఏడాది విజేత, పైగా రంజీ సొంత సంస్థానం. తొలి ఇన్నింగ్స్‌లో వెనకబడిన హైదరాబాద్, నాలుగో ఇన్నింగ్స్‌లో 300కు పైగా పరుగులు ఛేదించవలసి వచ్చింది. ఒక పక్క వికెట్లు పడిపోతున్నా ఎదుల్జీ ఐబారా 137 పరుగులతో చివరిదాకా నిలబడ్డాడు. ఎస్.ఎం. హుస్సేన్ సారథ్యంలోని జట్టు ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. హైదరాబాద్ క్రికెట్ ఆడిన గొప్ప ఇన్నింగ్స్‌లలో ఐబారా శతకాన్ని ముందు వరసలో పెట్టాలి. ఈనాడు దాని ఊసెత్తేవారే తక్కువ.

సంస్థానాల కాలం

1930ల చివరి నుంచి 1950ల తొలినాళ్ళ వరకు ఈ పోటీని నడిపింది ఎక్కువగా సంస్థానాధీశుల డబ్బే. నవానగర్ ససెక్స్ నుంచి బర్ట్ వెన్స్‌లీని తెచ్చి కెప్టెన్ చేసుకుంది. వినూ మన్కడ్ అనే కుర్రాడు ఆ నీడలోనే ఎదిగాడు. బరోడా విజయ్ హజారేను ఉద్యోగమిచ్చి నిలుపుకుంది. 1946-47 ఫైనల్‌లో హోల్కర్ మీద హజారే, గుల్ మహ్మద్ నాలుగో వికెట్‌కు జోడించిన 577 పరుగులు దాదాపు 60 ఏళ్ళు ప్రపంచ రికార్డుగా నిలిచాయి.

వీటన్నిటిలోనూ ఇందోర్ హోల్కర్ జట్టుది ప్రత్యేకమైన చోటు. దాని సారథి కొట్టారి కనకయ్య (సి.కె.) నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు, భారత తొలి టెస్టు కెప్టెన్. హోల్కర్ మహారాజు ఆయనకు తన సైన్యంలో హోదా ఇచ్చి పిలిపించుకున్నారు. ముస్తాక్ అలీ, సర్వాటే, నింబాల్కర్ వంటివారితో సి.కె. కట్టిన జట్టు 1945-46 నుంచి 1952-53 లోపల నాలుగుసార్లు ట్రోఫీ గెలిచింది. యుద్ధకాలంలో సైనికుడిగా మౌలో ఉన్న ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ కాంప్టన్ కూడా 1944-45 ఫైనల్‌లో హోల్కర్‌కు ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. అయినా బొంబాయే గెలిచింది. మరుసటి ఏడాది బరోడా మీద సి.కె. ద్విశతకం కొట్టినప్పుడు ఆయనకు 50 ఏళ్ళు. వయసు మీద పడ్డా చివరిదాకా జట్టును ముందుండి నడిపిన తీరు చూస్తే, ఆటలో క్రమశిక్షణకు రంజీ ట్రోఫీ చూపించిన పెద్ద ఉదాహరణ ఆయనే అనిపిస్తుంది.

ఆ రోజుల పిచ్‌లు బౌలర్ల ప్రాణాలు తోడేసేవి. 1948-49లో పూనాలో బొంబాయి, మహారాష్ట్ర ఆడిన సెమీఫైనల్‌లో మొత్తం 2,376 పరుగులు వచ్చాయి. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఒకే మ్యాచ్‌లో అన్ని పరుగులు మరెప్పుడూ రాలేదు. అదే సీజన్‌లో భావుసాహెబ్ నింబాల్కర్ కఠియావాడ్ మీద 443 పరుగులతో ఉన్నాడు. బ్రాడ్‌మన్ 452 రికార్డు అందేంత దూరంలో ఉండగా, ఎదుటి జట్టు పరువు పోతుందని ఆట వదిలేసి వెళ్ళిపోయింది. నింబాల్కర్‌కు దక్కవలసిన రికార్డు అలా చేజారింది. భారత జట్టుకు టెస్టు ఆడే అవకాశం కూడా ఆయనకు ఎన్నడూ రాలేదు. హోల్కర్‌తో జరిగిన 1950-51 మ్యాచ్‌లో హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్ ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు వేయవలసి వచ్చింది.

కొత్త పటం

దేశ విభజనతో లాహోర్ కేంద్రంగా ఆడిన నార్తర్న్ ఇండియా, సింధ్, వాయవ్య సరిహద్దు జట్లు రంజీ నుంచి పోయాయి. సంస్థానాలు విలీనమయ్యాక నవానగర్, హోల్కర్ జట్లు కూడా అంతరించి వాటి చోట సౌరాష్ట్ర, మధ్యప్రదేశ్ వచ్చాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. 1953-54లో దానికి తొలి సారథి సి.కె. నాయుడే. మూడేళ్ళ తర్వాత ఉత్తరప్రదేశ్ తరఫున తన చివరి రంజీ మ్యాచ్ ఆడేనాటికి ఆయన వయసు 61. ఆ మ్యాచ్‌లోనూ అర్ధశతకం చేశారు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి ఆంధ్ర, తెలంగాణ కలిసినా రంజీలో రెండు జట్లూ విడివిడిగానే కొనసాగాయి. 2014లో రాష్ట్రం మళ్ళీ రెండుగా చీలినప్పుడు క్రికెట్ పటం మార్చవలసిన పని పడలేదు. మహారాష్ట్రకు ముంబయి, మహారాష్ట్ర, విదర్భ అని మూడు, గుజరాత్‌కు గుజరాత్, బరోడా, సౌరాష్ట్ర అని మూడు జట్లున్నాయి. దీనికి భిన్నంగా బీహార్, చాలా ఈశాన్య రాష్ట్రాల ఆటగాళ్ళు ఏళ్ళ తరబడి వేరే రాష్ట్రాలకు వలస వెళ్ళి ఆడవలసి వచ్చింది. 2018-19లో గాని బీహార్ జట్టు తిరిగి రాలేదు, ఆ ఈశాన్య రాష్ట్రాలకు సొంత జట్లు రాలేదు. అది చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం.

పోటీ పద్ధతి కూడా మారింది. మొదట అంతా నాకౌట్ కాబట్టి ఒక్క ఓటమితో ఏడాది ముగిసేది. 1957-58 నుంచి జోన్ల వారీ లీగ్ పెట్టారు. 2002-03లో జట్లను ఎలీట్ (పై అంచె), ప్లేట్ (కింది అంచె) అని విభజించారు. డ్రా అయిన మ్యాచ్‌లో తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం ఉన్న జట్టుకే మొగ్గు అన్న నియమం మాత్రం నేటికీ ఉంది. దీనివల్లే ఆధిక్యం దక్కాక గెలుపు కోసం తెగించని నిదానపు ఆట చాలా మ్యాచ్‌లను చప్పబరిచింది.

బొంబాయి ఆధిపత్యం, ఆ తర్వాత

1958-59 నుంచి 1972-73 వరకు వరసగా 15 ఏళ్ళు ట్రోఫీ బొంబాయిదే. ఆ నగరంలో ఆట మైదానాల్లో, వానాకాలంలో జరిగే కంగా లీగ్‌లో, ఉద్యోగాలిచ్చి ఆటగాళ్ళను పోషించిన కంపెనీల జట్లలో వేళ్ళూనుకుంది. 1973-74 సెమీఫైనల్‌లో బెంగళూరులో ప్రసన్న, చంద్రశేఖర్‌ల కర్ణాటక ఆ పరంపరను తెంచి, ఆపై ట్రోఫీ గెలిచింది. మొత్తం మీద ముంబయి ఖాతాలో 42 టైటిళ్ళున్నాయి. చివరిది 2023-24లో వచ్చింది.

బొంబాయి ఆధిపత్యం సాగిన కాలంలో హైదరాబాద్‌కు ఎం.ఎల్. జయసింహ సారథి. ఆయన కింద ఆడినవారిలో భారత కెప్టెన్ పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ ఉన్నారు. హైదరాబాద్ 1964-65లో ఫైనల్ చేరి బొంబాయి చేతిలో ఓడింది. జయసింహ రంజీ ట్రోఫీ ఎత్తకుండానే ఆట ముగించారు. ఆ లోటు 1986-87లో తీరింది. ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో హైదరాబాద్ ఢిల్లీని ఢిల్లీలోనే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ఓడించింది. ఈ లెగ్ స్పిన్ ఆల్‌రౌండర్ తర్వాత ఉత్తర ఐర్లండ్‌లో స్థిరపడి, అక్కడి క్రికెట్‌కు చేసిన సేవకు బ్రిటిష్ ప్రభుత్వ గౌరవం పొందాడు.

1993-94లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. అందులో ఎం.వి. శ్రీధర్ ఒక్కడివే 366. 1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒకే సీజన్‌లో 1,415 పరుగులు చేసి రంజీ రికార్డు నెలకొల్పాడు, జట్టును ఫైనల్‌కు చేర్చాడు. అక్కడ ముంబయి గెలిచింది. పతనం తర్వాత వచ్చింది. 2010లో దీపక్ చహర్ అనే కొత్త కుర్రాడు 10 పరుగులకే 8 వికెట్లు తీయగా, రాజస్థాన్ చేతిలో హైదరాబాద్ 21 పరుగులకు ఆలౌటైంది. రంజీ చరిత్రలో అదే అత్యల్ప స్కోరు. 2022-23లో ప్లేట్‌కు దిగజారి, మరుసటి ఏడాది ప్లేట్ గెలిచి పైకొచ్చింది. ఆ ఏడాదే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ మీద 147 బంతుల్లో త్రిశతకం బాది, సరిగ్గా శ్రీధర్ స్కోరు 366 దగ్గరే ఔటయ్యాడు.

ఆంధ్రకు అంతటి సంఖ్యలు లేవు గాని, 2023 ఫిబ్రవరిలో ఇందోర్‌లో మధ్యప్రదేశ్‌తో క్వార్టర్ ఫైనల్ దానికి చెప్పుకోదగిన జ్ఞాపకం. మణికట్టు విరిగిన కెప్టెన్ హనుమ విహారి ఎడమచేతి వాటంగా నిలబడి, దాదాపు ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఐ.పి.ఎల్. డబ్బు, వెలుగుల ముందు రంజీ చిన్నబోయిందనేవారు ఆ ఇన్నింగ్స్‌ను ఒకసారి చూడాలి.

ఇటీవలి స్థితి

2007-08 తర్వాత ఐ.పి.ఎల్. రాకతో ఎంపికలో రంజీ బరువు తగ్గిన మాట నిజం. అదే సమయంలో ట్రోఫీ కొత్త చేతుల్లోకి వెళ్ళింది. విదర్భ 2017-18లో తొలిసారి గెలిచి, 2018-19లోనూ, 2024-25లోనూ మళ్ళీ గెలిచింది. సౌరాష్ట్ర 2019-20లో, మధ్యప్రదేశ్ 2021-22లో తొలి టైటిళ్ళు అందుకున్నాయి. అప్పటి మధ్యప్రదేశ్ కోచ్ చంద్రకాంత్ పండిట్ అంతకు 23 ఏళ్ళ ముందు కెప్టెన్‌గా అదే జట్టుతో ఫైనల్ ఓడినవాడు. 2024-25లో కేరళ తొలిసారి ఫైనల్ చేరింది. కరోనా కారణంగా 2020-21లో పోటీ జరగలేదు. మొదలైన నాటి నుంచి ఆగిన సీజన్ అదొక్కటే. విజేత బహుమతిని 2023లో 2 కోట్ల నుంచి 5 కోట్ల రూపాయలకు పెంచారు.

2024-25 సీజన్ ముగిసేనాటికి హైదరాబాద్ రెండుసార్లు ట్రోఫీ గెలిచింది. ఆంధ్ర ఇంతవరకు ఫైనల్ చేరలేదు.