సానరాయి, చరిత్రాధారం: హైదరాబాదు పాత కత్తుల పునరుద్ధరణపై ఒక పరిశీలన

ఆయుధాల చరిత్రను సాధారణంగా రాజుల చరిత్రలో ఒక అధ్యాయంగా చదువుతాం. యుద్ధం, వేట, కానుక అనే సందర్భాలలోనే కత్తి మనకు కనిపిస్తుంది. దానికి ఉక్కు కరిగించిన కమ్మరి, అంచు తీర్చిన సానపనివాడు, పిడి బిగించిన పనివాడు ఆ కథనంలో దాదాపు కనిపించరు. ఈ ముగ్గురి పనికీ మిగిలిన ప్రధాన సాక్ష్యం కత్తే. అందువల్ల పాత వేటకత్తులనూ మడతకత్తులనూ సేకరించి, తుప్పు వదిలించి, మళ్ళీ పదును పెట్టే పనిని కేవలం అభిరుచిగా భావించి వదిలివేయలేం. ఆ పని సాక్ష్యాన్ని కాపాడుతున్నదా, చెరుపుతున్నదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ఉక్కు మూలాలు

హైదరాబాదు కత్తి చరిత్ర నగరంలో మొదలుకాదు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం, నిర్మల్ ప్రాంతంలోని దిమ్మదుర్తి వంటి గ్రామాల కొలుముల వద్ద మొదలవుతుంది. ఇనుమును మట్టి మూసలలో పెట్టి, కర్బన పదార్థంతో కలిపి, మూతను మట్టితో మెత్తి, గంటల తరబడి కాల్చి చేసే ఉక్కుకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వాయ్సే కోనసముద్రంలోని ఈ పనిని చూసి వర్ణించాడు. అతని మరణానంతరం 1832లో ఆ రచన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. ఈ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం వచ్చేవారని దాని ద్వారా తెలుస్తున్నది.

ఐరోపాలో ఈ జాతి ఉక్కుకు ‘వూట్జ్’ అనే పేరు స్థిరపడింది. కన్నడ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఉన్న ‘ఉక్కు’ అనే మాటే దానికి మూలమని పండితుల అభిప్రాయం. బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ పంపిన ముద్దలను జార్జి పియర్సన్ పరీక్షించి, 1795లో లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. లండన్ కత్తుల పనివాడు జేమ్స్ స్టొడార్ట్ ఈ ఉక్కుతో చాకు చేసి, దాని అంచును మెచ్చుకున్నాడు. తరువాత మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కు మిశ్రమాలపై ప్రయోగాలు సాగించాడు. ఆధునిక లోహశాస్త్రపు తొలి అడుగులలో ఒకటి ఈ విధంగా ఒక చాకు అంచు మీదుగా పడింది.

వేట, దిగుమతి, పంజగుట్ట

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ (1866–1911) కాలంలో వేట రాచమర్యాదలో భాగమైంది. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ సమీపంలో లార్డ్ కర్జన్ దంపతులు ఆడిన వేటను రాజా దీన్‌దయాళ్ సంస్థ చిత్రించింది. ఆ ఛాయాచిత్రంలో దొర, దొరసాని, నేలకూలిన పులి కనిపిస్తారు. ఆ తరువాత చర్మం ఒలిచిన చేతులకూ, ఆ చేతుల్లోని కత్తికీ అందులో చోటు లేదు.

ఆ కాలపు ప్రభువర్గం నగరానికి పడమర దిశగా తోటలూ భవనాలూ కట్టుకున్నది. పంజగుట్ట వద్ద నవాబు ఫక్రుల్‌ముల్క్ నిర్మించిన ఇర్రమ్ మంజిల్ వాటిలో ఒకటి. ఇటువంటి ఇళ్ళలో దేశీయ ఉక్కు కటారులకూ షెఫీల్డ్ నుంచి వచ్చిన మడతకత్తులకూ సమానంగా ఆదరణ ఉండే యుగమది. షెఫీల్డ్ కత్తుల కాలనిర్ణయానికి బ్లేడు మొదట్లోని ముద్రే ఆధారం. నక్షత్రం, మాల్టా శిలువ కలిసి ఉంటే అది జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ గుర్తు. దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది కనుక, ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉన్న కత్తి సాధారణంగా ఆ తరువాతి కాలానిది. ‘స్టెయిన్‌లెస్’ అన్న మాట కనిపిస్తే 1913లో హ్యారీ బ్రియర్లీ పరిశోధనకు తరువాతిదని నిశ్చయించవచ్చు. ముద్ర చెరిగితే ఈ వివరమంతా పోతుంది. తుప్పు తీసే ఉత్సాహంలో మొదట అరిగేది తరచుగా ఈ ముద్రే.

పదును, సాన

తెలుగులో ‘పదును’ అనే మాట కత్తి వాడినీ, లోహానికి తగిన పాకాన్నీ, దుక్కికి తగిన నేల తడినీ కూడా సూచిస్తుంది. ఈ మూడింటిలోనూ సమానంగా ఉన్న భావం ‘తగిన స్థితి’. వృత్తి పరిజ్ఞానం కూడా ఇదే చెబుతుంది. కురువిందపు పొడిని లక్కతో కలిపి చేసిన సాంప్రదాయిక సానచక్రం మెల్లగా తిరుగుతుంది. పనివాడు వేడిని వేలితోనే గుర్తించి కత్తిని పక్కకు తీస్తాడు. విద్యుచ్చక్రం మీద ఒక్క క్షణం ఏమరుపాటు చాలు, అంచు నీలిరంగుకు తిరుగుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వద్ద కనిపించే ఆ రంగు, ఉక్కు గట్టిదనం సడలిందనడానికి గుర్తు. మూస ఉక్కు విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. దాని అలల చారలు కర్బన సమ్మేళనాల వరుసల వల్ల ఏర్పడతాయి. అతిగా కాల్చి మళ్ళీ సాగగొడితే ఆ వరుసలు కరిగి, చార పూర్తిగా మాయమవుతుంది. తరువాత ఎంత మెరుగు పెట్టినా అది తిరిగి రాదు.

దీనిని బట్టి మూడు రకాల కత్తులకు మూడు నియమాలు చెప్పవచ్చు. నిత్యం వాడే కత్తిపీటకు, వంటకత్తికి సాన పట్టడమే న్యాయం. వాడుక కోసమే అది పుట్టింది. ముద్ర స్పష్టంగా ఉన్న పాత మడతకత్తికి నూనెతో తుప్పు నానబెట్టడం, కీలు శుభ్రం చేయడం, అంచును నీటిరాతి మీద చేత్తో తీర్చడం చాలు. మూస ఉక్కు కటారుకు సాన తగదు. కొలతలు, ఛాయాచిత్రాలు తీసి, తుప్పు పెరగకుండా చూడటమే దానికి తగిన సేవ.

చట్టం, బాధ్యత

సేకరణకు చట్టపరమైన హద్దులు కూడా ఉన్నాయి. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అదే సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనూ, జింక కొమ్ముల వంటి వన్యప్రాణి వస్తువుల వ్యాపారాన్నీ నియంత్రించింది. 1986 సవరణ దంతపు వ్యాపారాన్ని మరింత కట్టడి చేసింది. కనుక కొమ్ము పిడి ఉన్న పాత వేటకత్తిని కొనేవారు ఉక్కును మాత్రమే చూస్తే సరిపోదు.

ఈ చర్చ కత్తులకే పరిమితమైనది కాదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఇర్రమ్ మంజిల్‌ను కూల్చి నూతన శాసనసభా భవనం కట్టాలని నిర్ణయించగా, అదే సంవత్సరం సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. దానికి ముందు ఏడాదే అమీర్‌పేట నుంచి పంజగుట్ట, ఇర్రమ్ మంజిల్ మీదుగా మెట్రో రైలు నడవసాగింది. శిథిలమైన గోడను కొత్తగా మెరిపించడానికీ, అది చెబుతున్న కాలాన్ని నిలబెట్టడానికీ ఉన్న తేడా కత్తి అంచు వద్ద ఉన్న తేడాయే.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని నూర్జహాన్ పండ్లకత్తి, జహంగీర్ బాకు రాజుల పేర్లతో భద్రంగా ఉన్నాయి. పేరు లేని కత్తులకు ఆ భద్రత లేదు. జిల్లాల్లో మిగిలిన కమ్మరి కుటుంబాల, సైకిలుకు సానచక్రం బిగించుకొని వీధులు తిరిగే పనివారల వృత్తి పదజాలాన్ని సేకరించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టవలసిన పని. పనిముట్టు అరిగిపోయినా దాని మాట మిగిలితే, ఆ పనిని తరువాతి తరం కొంతైనా తిరిగి ఊహించగలుగుతుంది. రెండూ పోతే కోనసముద్రం కొలుముల గురించి మనకు మిగిలేది విదేశీయుల వర్ణన మాత్రమే.