తాళం వేసిన నీళ్ళు

మా పరిగిలో ఒక పెద్దాయన ఇంటి ముందు రాతి గోలెం ఒకటి ఉంది. అందులో బర్రెలు కుడితి తాగుతాయి. అంచు చుట్టూ అరిగిపోయిన తామర రేకులు కనిపించేసరికి ఉండబట్టలేక, "ఇది ఏ గుడిదో అయ్యుంటుంది పెద్దయ్యా!" అన్నాను. "ఏ గుడిదైతేంది సారూ, కారుతలేదు గదా" అన్నాడాయన.

ఇంగ్లండు రైతులకూ సరిగ్గా ఇదే వేదాంతం అబ్బింది. అక్కడ ప్రతి ఊరి చర్చిలో, వాకిటి దగ్గరే, బాప్తిస్మపు తొట్టి ఉండేది. పుట్టిన బిడ్డను నిండా ముంచడానికి వీలుగా ఒకే రాతిని తొలిచి చేసేవారు. తర్వాత తర్వాత ఎనిమిది పలకలుగా చెక్కి, పలకకో బొమ్మ పెట్టారు. ఊరు పాడుపడి, కప్పు కూలి, గోడల రాళ్ళు జనం ఇళ్ళకు చేరినా, కొన్ని చోట్ల ఈ తొట్టి మాత్రం మిగిలిపోయింది. గోడకు పనికిరాదు, ఎత్తుకుపోదామంటే బరువు!

అలాంటి పాత తొట్ల అంచుల మీద ఇనుప కొక్కేలు దిగగొట్టిన గుంటలు కనిపిస్తాయి. అవి తాళం గుర్తులు. నీళ్ళకు తాళమేమిటని నవ్వకండి. మంత్రించిన నీళ్ళను ఆ తొట్టిలోనే నెలల తరబడి ఉంచేవారు. జనం గుట్టుగా ముంచుకుపోయి మందులకీ, చేతబడులకీ వాడుతున్నారని పెద్దలకు దిగులు పట్టుకుంది. 1236లో కాంటర్బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్, తొట్లకు మూతలు పెట్టి తాళాలు వేయాల్సిందేనని ఆజ్ఞ ఇచ్చాడు. మూతలు రానురాను గోపురాలైపోయాయి. సఫోక్ జిల్లా అఫర్డ్‌లోని కొయ్య మూత ఎత్తు దాదాపు 18 అడుగులు!

ఆ తర్వాత రోజులు మారాయి. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం నడుస్తుండగా, 1645లో పార్లమెంటు కొత్త ఆరాధన విధానం తెచ్చింది. పాత తొట్లున్న చోట బాప్తిస్మం ఇవ్వడం మూఢాచారమంది. తొట్ల స్థానంలో గిన్నెలు వచ్చాయి. తొట్లేమో పశువుల కొట్టాలకు నడిచాయి. 1660లో రాజు తిరిగొచ్చాక కొన్నిటిని కడిగి మళ్ళీ చర్చిలో పెట్టారు. గుర్రాల ఎంగిలిని దేవుడు పట్టించుకున్నట్టు లేదు.

ఇంతకీ ఈ తొట్టే అక్కర్లేదన్న క్రైస్తవులు కూడా ఉన్నారు. వాళ్ళు బాప్టిస్టులు. పసిబిడ్డకు బాప్తిస్మం లేదు, ఊహ తెలిసి అడిగినవాడే నిండా మునగాలి అంటారు. వాళ్ళ మాట మన తెలుగునేల మీద ఎంత దూరం పోయిందో తెలియాలంటే ఒంగోలు వైపు వెళ్ళాలి.

1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ పాదిరీ జాన్ క్లౌ, ఒకప్పుడు భూముల సర్వే నేర్చినవాడు. 1876-78 కరువులో ఆ చదువే అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు పలుగూ పారా ఇచ్చి కూలి కట్టాడు. వచ్చినవాళ్ళలో చాలామంది మాదిగలు. బాప్తిస్మం ఇమ్మని అడిగినా కరువు తీరేదాకా ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. ఆ మాట తర్వాతా పడ్డారనుకోండి, అది వేరే సంగతి.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ముంచినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు ఏట్లో నిలబడితే మిగతావాళ్ళు ఒడ్డున అలసట తీర్చుకునేవారు. మొత్తం పట్టింది తొమ్మిది గంటలు. లెక్క కడితే మనిషికి అర నిమిషం! ఇంత తొందరేమిటని పెదవి విరిచినవాళ్ళున్నారు. నాకు మాత్రం వేరే సంగతి తడుతుంది. ఊరి బావిలో చేద వేయనివ్వని కాలమది. అలాంటివాళ్ళు రెండువేల పైచిలుకు మంది పట్టపగలు ఏట్లోకి దిగితే, నీళ్ళు ఎవరివని ఆ రోజు అడిగిన నాథుడు లేడు.

ఈ కథంతా గోలెం పెద్దాయనకు చెప్పాను. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. చుట్ట ఆర్పి, "అదంత మంచిగనే ఉంది గాని సారూ, ఆ దినం ఆ ఊరి బర్రెలను నీళ్ళకు ఏడికి తోల్కపోయిండ్రు?" అన్నాడు.