ప్రొడ్యూసర్ చెవి, ర్యాపర్ నోరు: కాన్యే వెస్ట్ ‘ది కాలేజ్ డ్రాపవుట్’ పరిశీలన

మనకు ‘ప్రొడ్యూసర్’ అంటే డబ్బు పెట్టేవాడు, సినిమా తీసేవాడు. హిప్‌హాప్‌లో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ ప్రొడ్యూసర్ అంటే బాణీ కట్టేవాడు, లయ కూర్చేవాడు. పాత రికార్డులోంచి నాలుగు సెకన్ల ముక్క ఏరి, దాన్నే తిప్పి తిప్పి కొత్త పాటకు పునాది వేసేవాడు. మన లెక్కలో సంగీత దర్శకుడికి దగ్గరివాడు. సంగీత దర్శకుడు తానే పాడటం మనకు కొత్త కాదు. ఘంటసాల ఆ రెండు పనులూ ఒక్క చేతిమీదుగా చేశారు. అయినా హిప్‌హాప్ ప్రొడ్యూసర్ మైకు ముందుకు రావడాన్ని దీంతో పోల్చలేం. గాయకుడు ఇంకొకరు రాసిన పాట పాడొచ్చు, ఇంకొకరి బాధ పలకొచ్చు. ర్యాపర్ మాత్రం తన బతుకు తన నోటితోనే చెప్పాలన్నది ఆ కళలో మొదటినుంచీ ఉన్న కట్టుబాటు. కాబట్టి ప్రొడ్యూసర్ ర్యాపర్‌గా మారినప్పుడు శ్రోత ముందుగా అడిగేది ‘నీ దగ్గర చెప్పడానికి ఏముంది?’ అనే. గొంతు బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

2004 ఫిబ్రవరి 10న విడుదలైన కాన్యే వెస్ట్ తొలి ఆల్బం ‘ది కాలేజ్ డ్రాపవుట్’ను ఆ ప్రశ్నకు జవాబుగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఆల్బం గురించి ఎక్కువగా వినిపించేది పట్టుదల కథ: ఎవరూ నమ్మలేదు, అతను సాధించి చూపించాడు అని. అది అబద్ధం కాదు గానీ, ఆ కథలో పాటలు వినిపించవు. నా వాదన ఇది: కాన్యే ప్రొడ్యూసర్ పని వదిలేసి ర్యాపర్ కాలేదు. పక్కవాళ్ల గొంతుల్ని ముడిసరుకుగా వినడం అలవాటైన చెవితోనే తన గొంతునూ విన్నాడు. ఆల్బంలోని మంచి పాటలన్నిటిలో మాట్లాడే నోటికీ, కింద తిరుగుతున్న అరువు గొంతుకీ మధ్య ఒక సంభాషణ నడుస్తూ ఉంటుంది.

అతని కంటే ముందు ఈ దారి తొక్కినవాళ్లు ఉన్నారు. డైమండ్ డి 1992లోనే తన బీట్ల మీద తానే ర్యాప్ చేసి ఆల్బం తెచ్చాడు. డెట్రాయిట్ ప్రొడ్యూసర్ జె డిల్లా 2001లో ‘వెల్‌కమ్ టు డెట్రాయిట్’ చేశాడు. వీళ్లలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కాలిఫోర్నియాకు చెందిన మ్యాడ్‌లిబ్. తన బొంగురు గొంతు తనకే నచ్చక, రికార్డు చేసేటప్పుడు టేపును నెమ్మదిగా నడిపి, తర్వాత మామూలు వేగానికి తెచ్చాడు. గొంతు సన్నబడి ఎవరో పిట్టమనిషి మాట్లాడుతున్నట్టు వచ్చింది. ఆ గొంతుకు క్వాసిమోటో అని పేరు పెట్టి 2000లో ‘ది అన్‌సీన్’ ఆల్బం విడుదల చేశాడు. సొంత మాట చెప్పడానికి కూడా అతనికి యంత్రం చాటు కావలసి వచ్చింది. కాన్యే అదే యంత్రాన్ని తిరగేసి వాడాడు. పక్కవాళ్ల గొంతును సన్నం చేశాడు, తన గొంతును ఉన్నదున్నట్టు వదిలేశాడు. ఆ ‘ఉన్నది’ ఎలా ఉందో ముందు ముందు చూద్దాం.

కాన్యే 1977లో అట్లాంటాలో పుట్టి షికాగోలో పెరిగాడు. తల్లి డోండా వెస్ట్ షికాగో స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ శాఖకు అధ్యక్షురాలిగా పనిచేసింది. కొడుకు చదువు మానేసింది ఆ విశ్వవిద్యాలయంలోనే. ఆల్బం పేరులోని ‘డ్రాపవుట్’ అన్న మాటలో అందుకే తిరుగుబాటు కంటే ఇంటి గొడవ ఎక్కువ కనిపిస్తుంది నాకు. చదువే జీవనాధారమైన ఇంట్లో చదువు వదిలేసినవాడు అమ్మకు చెప్పుకుంటున్న సంజాయిషీ అది. ముఖచిత్రం మీద ఎలుగుబంటి బొమ్మ తల తగిలించుకున్న మనిషి ఆటస్థలం మెట్ల మీద ఒంటరిగా, తల వంచుకుని కూర్చుని ఉంటాడు. గెలిచినవాడు కూర్చునే తీరు కాదది.

బీట్లు కట్టడంలో అతనికి గురువు షికాగోకే చెందిన నో ఐ.డి. పేరు తెచ్చినది మాత్రం 2001 సెప్టెంబరు 11న వచ్చిన ర్యాపర్ జే-జీ ఆల్బం ‘ది బ్లూప్రింట్’. అందులో జాక్సన్ 5 పాట ముక్కతో కట్టిన ‘ఇజ్జో’ సహా పలు పాటలు కాన్యేవి. అయినా జే-జీ రికార్డు కంపెనీ రాక్-ఎ-ఫెల్లా అతన్ని ర్యాపర్‌గా తీసుకోవడానికి వెనకాడింది. బీట్లు బాగా కడతాడు, చాలదా? పోలో చొక్కా తొడుక్కుని, వీపున పుస్తకాల సంచీ తగిలించుకున్న ప్రొఫెసరమ్మ కొడుకు వీధి కథలేం చెబుతాడు? ఆ కంపెనీలో అప్పుడు చెల్లుతున్న సరుకు వీధి అనుభవం. అతని దగ్గర లేనిదీ అదే.

ఇక్కడ అతని పనితనం గురించి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. అరవైల, డెబ్బైల నల్లజాతి అమెరికన్ సోల్ సంగీతపు పాటల్లోని గొంతును వేగం పెంచి తిప్పడం అతని ముద్ర. దానికి ‘చిప్‌మంక్ సోల్’ అని పేరు పడింది. ఉడత గొంతు సోల్ అనుకోవచ్చు. ఈ పద్ధతి అతను కనిపెట్టింది కాదు. వు-టాంగ్ క్లాన్ ప్రొడ్యూసర్ ఆర్‌జెడ్‌ఎ తొంభైల్లోనే చేశాడు. పాత పద్ధతిలో వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 మీద పెడితే శ్రుతి సుమారు 5 స్వరస్థానాలు పైకి జరుగుతుంది. అంటే షడ్జంలో ఉన్న గొంతు శుద్ధ మధ్యమానికి చేరుతుంది. చిన్నప్పుడు ఇంట్లో గ్రామఫోను ఉన్నవాళ్లకు ఈ చిలిపిపని తెలిసే ఉంటుంది. కానీ దీనివల్ల మారేది శ్రుతి ఒక్కటే కాదు. గొంతు వయసు మారుతుంది. నలభయ్యేళ్ల మనిషి దుఃఖం చిన్నపిల్ల గొంతులోంచి వస్తుంది. ఆ గాయకులు అతని తల్లిదండ్రుల తరంవాళ్లు. వాళ్ల గొంతును పసిగొంతు చేసి, దాని పక్కన తాను పెద్దవాడిలా నిలబడి మాట్లాడటం అనే ఏర్పాటు అతని పాటల్లో పదే పదే కనిపిస్తుంది.

2002 అక్టోబరు 23 తెల్లవారుజామున, లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో నుంచి తిరిగి వస్తూ కాన్యే కారు నడుపుతూనే నిద్రలోకి జారుకున్నాడు. ప్రమాదంలో దవడ విరిగింది. వైద్యులు తీగలతో పళ్లు బిగించి నోరు మూసేశారు. రెండు వారాలకే ఆ తీగలతోనే స్టూడియోకి వెళ్లి ‘త్రూ ద వైర్’ రికార్డు చేశాడు. చాకా ఖాన్ 1984లో పాడిన ప్రేమగీతం ‘త్రూ ద ఫైర్’ దీనికి ఆధారం. అగ్గిలోంచి నడిచే మాట తీగలోంచి పలికే మాటగా మారింది. శ్లేష అక్కడికక్కడ పుట్టినదే గానీ, ఆ పాటను నిలబెట్టింది శ్లేష కాదు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దగ్గరగా వింటే పాటలో రెండు గొంతులు తెలుస్తాయి. ఒకటి చాకా ఖాన్‌ది. పరుగు పెట్టించిన గొంతు, పైకి ఎగిరి, అంచులు పదునుగా, ఏ అడ్డూ లేకుండా సాగేది. రెండోది కాన్యేది. పెదవులు కదులుతాయి, దవడ కదలదు. మన భాషలో చెప్పాలంటే ఓష్ఠ్యాలకు పెద్ద ఇబ్బంది లేదు, నోరు బాగా తెరవాల్సిన ‘ఆ’కారం దగ్గరే తంటా అంతా. పళ్ల సందుల్లోంచి గాలి జారుతుంది, ఊష్మాలు ముద్దముద్దగా వస్తాయి. ఇతరుల గొంతును యంత్రంతో వంచడం ఇన్నాళ్లూ అతని వృత్తి. ఇక్కడ అతని గొంతునే లోహం వంచింది. మామూలు ర్యాపర్ అయితే దవడ బాగయ్యేదాకా ఆగి, చక్కటి ఉచ్చారణతో రికార్డు చేసేవాడు. ప్రొడ్యూసర్ చెవి వేరు. పాత రికార్డు మీది గీతల చప్పుడును తుడిచేయకుండా ఉంచుకునే చెవి అది. ఆ చప్పుడే రికార్డు వయసుకు సాక్ష్యం. తన ముద్దమాటను కూడా అతను అలాంటి సాక్ష్యంగానే విన్నాడని నేననుకుంటాను.

ఆ పాటలోనే ఒకచోట, విమానంలో వస్తున్న తన ప్రియురాలి భయాన్ని తలచుకుంటూ తన ముఖాన్ని ఎమెట్ టిల్ ముఖంతో పోలుస్తాడు. ఎమెట్ టిల్ షికాగోకు చెందిన నల్లజాతి కుర్రాడు. 1955లో మిసిసిపీలోని బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు తెల్లవాళ్లు అతన్ని చిత్రహింసలు పెట్టి చంపారు. అప్పటికి 14 ఏళ్లు. తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తీసే ఉంచమంది, కొడుకు ముఖానికి ఏం చేశారో లోకం చూడాలని. కారు ప్రమాదాన్ని ఆ హత్య పక్కన పెట్టడం అతిశయమని కొందరికి తోచవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. కానీ దెబ్బతిన్న ముఖాన్ని దాచకుండా చూపించడమనే తల్లి నిర్ణయం, దెబ్బతిన్న గొంతును దాచకుండా వినిపించడమనే ఈ నిర్ణయానికి వెనుక ఉందని గమనిస్తే, ఆ పోలిక నోరు జారి వచ్చినది కాదనిపిస్తుంది. వీధి అనుభవం లేనివాడికి చెప్పడానికి ఏముందన్న ప్రశ్నకు మొదటి జవాబు ఈ పాటలోనే దొరికింది. అతని దగ్గర ఒక దేహం ఉంది.

తెలుగు సినిమాలో నటుడికి మరొకరు మాట అరువిస్తే ‘గాత్రదానం’ అంటాం. తెర మీద ఆ అరువు తెలియకూడదు, అతికినట్టు ఉండాలి. పాత రికార్డు ముక్క ఏరి వాడే శాంపిలింగ్‌లో అరువు తెలియాలి. పైగా అది దానం కాదు, కొనుగోలు. 1991లో ర్యాపర్ బిజ్ మార్కీ మీద న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అనుమతి లేకుండా ముక్క వాడటం ప్రమాదమైపోయింది. ఈ ఆల్బం వచ్చిన సంవత్సరమే, 2004 సెప్టెంబరులో, 2 సెకన్ల గిటార్ ముక్క విషయంలో మరో అమెరికన్ అప్పీలు కోర్టు, ఎంత చిన్న ముక్కకైనా లైసెన్సు ఉండాల్సిందేనని చెప్పింది. ఇలాంటి వాతావరణంలో అరువిచ్చినవారి ఇష్టాయిష్టాలు పాట రూపాన్నే మార్చేస్తాయి. ‘ఆల్ ఫాల్స్ డౌన్’లో లారిన్ హిల్ గొంతు ముక్కకు అనుమతి రాకపోతే, అదే వరసను సిలీనా జాన్సన్ చేత మళ్లీ పాడించారు. ‘స్కూల్ స్పిరిట్’ సంగతి ఇంకా ఆసక్తికరం. దానికి ఆధారం అరీతా ఫ్రాంక్లిన్ పాట. బూతు మాట ఉండకూడదన్న షరతు మీద ఆమె ఒప్పుకున్నారు. అందుకని బూతులు యథాతథంగా ఉన్న ప్రతిలో కూడా ఆ ఒక్క పాటలో మాటల మధ్య ఖాళీలు వినిపిస్తాయి. చదువు మీద, కాలేజీ మీద విసుర్లున్న పాట అది. అందులో పెద్దావిడ చెప్పిందని కుర్రాడు నోరు కుట్టుకున్నాడు. దవడకు వేసిన తీగలు తీసేశాక కూడా అతని మాటను ఎవరో ఒకరు బిగిస్తూనే ఉన్నారు. ఆల్బం మొత్తంలో నాకు అన్నిటికంటే ప్రియమైన మౌనాలు అవి.

ఒప్పుకున్నవాళ్లంతా సంతోషించలేదన్నదీ చెప్పాలి. తన గొంతును ఉడత గొంతు చేయడం నచ్చలేదని చాకా ఖాన్ తర్వాతి ఏళ్లలో బహిరంగంగానే అన్నారు. ఆమె అభ్యంతరం న్యాయమైనది. పరువు గల గాయనికి తన గొంతు వయసు, బరువు రెండూ ఆస్తే. సోల్ సంగీతానికి నివాళి అని విమర్శకులు సులువుగా అనేసే ఈ పద్ధతిలో, నివాళి అందుకునేవారి గొంతును చిన్నది చేయడం కూడా ఉంది.

‘జీసస్ వాక్స్’లో అరువు గొంతు ఒక్కరిది కాదు, బృందానిది. మాదకద్రవ్యాల వ్యసనం నుంచి బయటపడుతున్నవాళ్లతో హార్లెంలో ఏర్పడిన ఏఆర్‌సీ గాయకబృందం పాడిన భక్తిగీతం అది. కింద సైనికుల కవాతు లాంటి డ్రమ్ములు. దేవుడి పేరెత్తిన పాటను రేడియోలు వేయవేమో అన్న అనుమానం పాటలోనే చెప్పేస్తాడు. దానికి సహరచయిత, షికాగో ర్యాపర్ రైమ్‌ఫెస్ట్‌కు కూడా ఉత్తమ ర్యాప్ పాట గ్రామీలో వాటా దక్కింది. ర్యాపర్ తన మాటే చెప్పాలన్న కట్టుబాటుకు ఇక్కడ చిన్న బీట పడినట్టే. ‘స్పేస్‌షిప్’లో మార్విన్ గే విరహగీతం తిరుగుతుంటే, బట్టల దుకాణంలో జీతానికి పనిచేసే కుర్రాడు తన అవమానాలు చెప్పుకుంటాడు. దూరమైన ప్రియురాలి కోసం పాడినది ఇక్కడ పని వదిలి ఎగిరిపోవాలన్న కోరికగా మారిపోయింది. అసలు పాటలో ఒక్క మాట మార్చలేదు, పక్కన పెట్టిన మాటే దాని అర్థాన్ని మార్చింది.

ఆల్బం మొదటి వారంలో 441000 ప్రతులు అమ్ముడై బిల్‌బోర్డ్ జాబితాలో రెండో స్థానంలో దిగింది. అదే రోజు విడుదలై మొదటి స్థానం తీసుకున్నది నోరా జోన్స్, పండిట్ రవిశంకర్ కుమార్తె. 2005 గ్రామీల్లో కాన్యేకు ఉత్తమ ర్యాప్ ఆల్బం దక్కింది. అదే రాత్రి అలీసియా కీస్ పాటకు సహరచయితగా మరో బహుమతి వచ్చింది. మైకు ముందు మనిషికీ, మైకు వెనక మనిషికీ ఒకే వేదిక మీద.

ఈ మనిషే 2022లో యూదుల మీద బహిరంగంగా ద్వేషం కక్కాడు. ఆ మాటలకు సమర్థన లేదు. ఎమెట్ టిల్ పేరును తన గాయం పక్కన పెట్టుకున్న గొంతే ఆ మాటలూ అన్నది కాబట్టి, ఈ ఆల్బం మీద పరిశోధన చేసేవారు దాన్ని పక్కకు నెట్టి ముందుకు సాగలేరు. తొలి ఆల్బంలో అతని గొంతుకు ఎదురు నిలిచే గొంతులు ఎన్నో ఉన్నాయి. అరీతా షరతు ఉంది, హార్లెం బృందం ఉంది, అమ్మ ఉంది.

చివరి పాట ‘లాస్ట్ కాల్’ 12 నిమిషాలు దాటుతుంది. అందులో ర్యాప్ కొద్దిసేపే. తర్వాత అతను మామూలుగా, కాఫీ తాగుతూ స్నేహితుడికి చెప్పినట్టు మాట్లాడతాడు: ఏ కంపెనీ ఎప్పుడు ఒప్పుకుని వెనక్కి తగ్గిందో, ఏ గదిలో ఎవరు తన ర్యాప్ విన్నారో, ఎవరు విననట్టు నటించారో. ప్రాస లేదు, లయ లేదు. మాటల కింద మాత్రం బీట్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆ బీట్ బెట్ మిడ్లర్ పాత పాట నుంచి తీసుకున్నది. అందులో ఒక స్త్రీ గొంతు మళ్లీ మళ్లీ పిలుస్తున్నది మిస్టర్ రాక్‌ఫెల్లర్‌ని.