కణత్వచం

జీవకణాన్ని పరిసరాల నుంచి వేరుచేసే పలుచని పొర. ప్లాస్మా త్వచమనీ అంటారు. మందం సుమారు 7–8 నానోమీటర్లు. వృక్షకణాల్లో ఇది కణకవచానికి లోపలివైపున ఉంటుంది.

నిర్మాణం: ఫాస్ఫోలిపిడ్ అణువులు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. వాటి జలాకర్షక శీర్షాలు రెండు వైపులా వెలుపలికి, జలవికర్షక కొవ్వు ఆమ్ల పుచ్ఛాలు మధ్యకు తిరిగి ఉంటాయి. ఈ వరుసల్లో ప్రోటీన్లు పొదిగి ఉంటాయి. వాటిలో చాలావరకు పక్కలకు కదలగలవు. ఈ ‘ద్రవ మొజాయిక్ నమూనా’ను 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించారు.

విధులు: ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ నేరుగా వ్యాపనం చెందుతాయి. గ్లూకోజుకు, అయాన్లకు ప్రోటీన్ మార్గాలు కావాలి. తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకు పంపాలంటే శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తిని సాధారణంగా ఏటీపీ అనే అణువు అందిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి 1929లో హార్వర్డ్‌లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు.

గోదావరి డెల్టాలో: కాకినాడ సమీపంలోని కోరింగ అడవుల్లో పెరిగే మడ చెట్ల వేళ్లు ఉప్పును చాలావరకు అడ్డుకుంటాయి. లోపలికి చేరిన ఉప్పును కొన్ని జాతుల ఆకుల్లోని లవణగ్రంథులు, తమ కణత్వచాల్లోని ప్రోటీన్ల సాయంతో వెలుపలికి పంపుతాయి. ఆకులపై కనిపించే ఉప్పు స్ఫటికాలకు ఇదే కారణం.