ప్రభుత్వ న్యాయవాది ఇచ్చిన మాట: సమాచార చట్టాల చరిత్రలో ఒక కోణం

వాన మొహం చాటేసిన ఏడు వేరుశనగ ఎండిపోతే ధర్మవరానికి చేరువలోని బత్తలపల్లె వంటి ఊళ్లలో జనం బెంగళూరు బస్సయినా ఎక్కాలి, ఉపాధి పనికైనా వెళ్లాలి. మీది అనంతపురం ప్రాంతమైతే ఈ సంగతి మీకు విడిగా చెప్పనక్కరలేదు. పనికి వెళ్లిన మనిషి గురించి ప్రభుత్వం దగ్గర చాలా సమాచారం చేరుతుంది: పేరు, జాబ్ కార్డు నంబరు, పనిచేసిన రోజులు, వచ్చిన కూలి, ఖాతా నంబరు, ఆధార్. వీటిలో ఏది ఊరందరికీ తెలియాలి, ఏది ఎవరికీ తెలియకూడదు? ఈ తగాదా కోర్టుకెక్కినప్పుడు సర్కారు తరఫున లేచి నిలబడేది ప్రభుత్వ న్యాయవాది. ఆయన కోర్టులో ఇచ్చే మాటకు ఎంత విలువ ఉంటుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మొదట ఆ పదవులను గుర్తు చేసుకోండి. రాజ్యాంగం 76వ అధికరణం కేంద్రానికి అటార్నీ జనరల్‌ను, 165వ అధికరణం రాష్ట్రానికి అడ్వకేట్ జనరల్‌ను ఏర్పరిచాయి. హైకోర్టులో, జిల్లా కోర్టుల్లో మనం 'జీపీ గారు' అని పిలిచే గవర్నమెంటు ప్లీడర్లు ఉంటారు. సమాచార చట్టాల వ్యాజ్యాలు కూడా ఎక్కువగా వీరి చేతికే వస్తాయి. శాఖ నుంచి ఫైలు వస్తుంది, దాన్నిబట్టి కౌంటర్ అఫిడవిట్ తయారవుతుంది, వాదన సాగుతుంది. ఫైలులో లేని జవాబును న్యాయమూర్తి అడిగినప్పుడే అసలు చిక్కు.

మన రాష్ట్రంలోనే పుట్టిన ఒక వ్యాజ్యం చూడండి. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టం 73వ సెక్షన్‌ను సవరించింది. స్టాంపు సుంకం ఎగవేతను పట్టుకోవడానికి కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చన్నది దాని సారాంశం. బ్యాంకులు కోర్టుకు వెళ్లాయి, హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది, రాష్ట్రం సుప్రీంకోర్టులో అప్పీలు చేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రార్, కలెక్టరు ఒకవైపు, కెనరా బ్యాంకు మరోవైపు నిలిచిన ఈ వ్యాజ్యంలో 2004లో రాష్ట్రం ఓడిపోయింది. ఖాతాదారు తన కాగితాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన దానిపై అతని గోప్యత పోదని కోర్టు తేల్చింది. ఎవరిని పంపాలి, ఏ కారణంతో పంపాలి అనే కట్టుబాట్లేవీ చట్టంలో లేకపోవడాన్ని తప్పుపట్టింది. అధికారులు వివేకంతో నడుచుకుంటారన్న నమ్మకం చట్టంలోని ఖాళీని పూడ్చలేదు.

మరుసటి ఏడాది గాలి ఎదురు దిశకు మళ్లింది. 2005లో సమాచార హక్కు చట్టం, ఉపాధి హామీ చట్టం రెండూ వచ్చాయి. ఉపాధి పథకం ప్రారంభమైనదీ అనంతపురం జిల్లాలోనే: 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. ఉపాధి చట్టం 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ బాధ్యత అప్పగించింది. మస్టరు రోలును ఊరి మధ్య పేరుపేరునా చదువుతారు. చనిపోయినవారి పేరున కూలి పడిందా, పనికి రానివారి పేరు ఎక్కిందా అన్నది ఊరే చెబుతుంది. ఇక్కడ పేదవాడికి రక్ష గోప్యత కాదు, బహిరంగతే. బ్యాంకు వ్యాజ్యం చదివి వచ్చిన మీకు ఇది తలకిందులుగా కనిపించవచ్చు. కానీ రెండింటిలోనూ లెక్క చెప్పవలసినది సర్కారే.

ఇప్పుడు హామీల విషయానికి వద్దాం. సమాచార సాంకేతిక చట్టం 66ఏ సెక్షన్ కింద ఇంటర్నెట్లో చిరాకు కలిగించే రాతలకు సైతం అరెస్టులు జరిగాయి. శ్రేయా సింఘాల్ వ్యాజ్యంలో కేంద్రం తరఫున అదనపు సొలిసిటర్ జనరల్, ఈ సెక్షన్‌ను దుర్వినియోగం కాకుండా అమలు చేస్తామని హామీ ఇచ్చారు. 2015 మార్చి 24న కోర్టు ఆ హామీని పక్కన పెట్టి సెక్షన్‌నే కొట్టివేసింది. నేటి ప్రభుత్వం ఇచ్చిన మాట రేపటి ప్రభుత్వాన్ని కట్టిపడేయదు, పుస్తకంలో సెక్షన్ మాత్రం నిలిచే ఉంటుంది అన్నది కోర్టు తర్కం. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. ఆయన 1995లో ఆంధ్రప్రదేశ్ అదనపు అడ్వకేట్ జనరల్‌. సర్కారు తరఫున మాట ఇవ్వడంలోని బరువు, పరిమితి రెండూ ఆ స్థానంలో పనిచేసినవారికి తెలియనివి కావని నా అభిప్రాయం.

అదే ఏడాది ఆధార్ వ్యాజ్యం జస్టిస్ చలమేశ్వర్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. 1954 నాటి ఎం.పి. శర్మ, 1962 నాటి ఖరక్ సింగ్ తీర్పులను చూపి, గోప్యత ప్రాథమిక హక్కే కాదని నాటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ వాదించారు. ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపుతూ, తేలేవరకు ఆధార్ వాడకాన్ని కోర్టు కొన్ని పథకాలకే పరిమితం చేసింది. కేంద్రం కోరిక మీద 2015 అక్టోబరు 15న ఉపాధి పథకాన్నీ ఆ జాబితాలో చేర్చారు, అదీ ఐచ్ఛికంగానే. ఢిల్లీలో జరిగిన వాదన బత్తలపల్లె కూలీని తాకింది ఇక్కడే.

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందు అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ వాదనలో ఒక అంశాన్ని ప్రత్యేకంగా గమనించండి. పేదలు ఎక్కువగా ఉన్న దేశంలో తిండి, ఉపాధి వంటి హక్కుల ముందు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలపలేమన్నది దాని ధోరణి. ఆగస్టు 24న కోర్టు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చింది. పేదలకు కడుపు నిండితే చాలు, మిగతా హక్కులు అక్కరలేదన్న ఆలోచనను తిరస్కరించింది. కరువు సీమలో చదువుకుంటున్న మీరు ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. కూలికి వెళ్లే మనిషికి దాచుకోవలసినవేవీ ఉండవని మనలో ఎంతమందిమి అనుకుంటామో ఆలోచించండి.

2018 సెప్టెంబరు 26న అసలు ఆధార్ తీర్పు నలుగురు ఒకవైపు, ఒకరు మరోవైపుగా వెలువడింది. సంక్షేమ పథకాలకు ఆధార్‌ను అనుమతించారు. ప్రైవేటు సంస్థలు దాన్ని అడిగేందుకు దారి తెరిచిన 57వ సెక్షన్ భాగాన్ని కొట్టివేశారు. వేలిముద్ర సరిపోకపోతే ఏమవుతుంది? పార పట్టి, రాయి కొట్టి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోవచ్చు. దీనికి అటార్నీ జనరల్, ధ్రువీకరణ విఫలమైనా అర్హులెవరికీ లబ్ధిని నిరాకరించరని కోర్టుకు చెప్పారు. మెజారిటీ తీర్పు ఆ మాటను నమోదు చేసుకుంది. మూడేళ్ల క్రితం 66ఏ విషయంలో చాలని హామీ ఇక్కడ తీర్పులోకే ఎక్కింది. అలా ఎక్కినందువల్ల దానికి బలం వచ్చిన మాట నిజమే. అయితే యంత్రం ముందు నిలబడిన మనిషికి అటువంటి మాట ఒకటి ఉందని ఎవరు చెప్పాలి?

ఒక చిన్న సంగతి. అటార్నీ జనరల్ కార్యాలయం సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందా అన్న వివాదంలో, వస్తుందని 2015లో ఢిల్లీ హైకోర్టు ఏక న్యాయమూర్తి తీర్పు ఇవ్వగా, 2017లో అదే కోర్టు డివిజన్ బెంచి దాన్ని రద్దు చేసింది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ కథను మరో మలుపు తిప్పింది. సమాచార హక్కు చట్టం 8(1)(జె) ఇంతకు ముందు వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించడానికి షరతులు పెట్టేది: ప్రజా కార్యకలాపంతో దానికి సంబంధం ఉందా, విస్తృత ప్రజాప్రయోజనం ఉందా అని చూడవలసి వచ్చేది. కొత్త చట్టం 44(3) సెక్షన్ ఆ షరతులను తీసేసి, 'వ్యక్తిగత సమాచారం' అన్న మాటను మాత్రమే మిగిల్చింది. ప్రజాప్రయోజనాన్ని తూచి సమాచారం ఇవ్వవచ్చునన్న 8(2) సెక్షన్ అలాగే ఉంది. మస్టరు రోలులోని పేరు, కూలి లెక్క ఇక ఏ కోవలోకి వస్తాయి?

మీ అవగాహనను పరీక్షించుకోండి: మీ ఊరి మస్టరు రోలు నకలు కోరిన దరఖాస్తును 'వ్యక్తిగత సమాచారం' అంటూ తిరస్కరించారనుకోండి. వ్యాజ్యం హైకోర్టుకు చేరింది, మీరే గవర్నమెంటు ప్లీడరు. శాఖకు మీరు ఇచ్చే సలహాను, కోర్టులో మీరు ఇవ్వగల హామీని విడివిడిగా ఒక్కో పేరాలో రాయండి.