ఇంటర్నేషనల్ జిమ్నాస్ట్ (పత్రిక)

జిమ్నాస్టిక్స్ కోసమే అమెరికాలో పుట్టిన పత్రిక ఇది. 1956లో కాలిఫోర్నియాలో గ్లెన్ సండ్‌బీ దీన్ని 'మోడర్న్ జిమ్నాస్ట్' పేరుతో మొదలుపెట్టారు. ఈ ఆటకు పత్రిక రావడం అదే మొదటిసారి కాదు. అంతకు నూరేళ్ల ముందే, 1856లో, జర్మనీలోని లైప్‌జిగ్ నుంచి 'డాయిషె టుర్న్ సైటుంగ్' వెలువడింది. అయితే అది వ్యాయామ సంఘాల గొంతుక. సండ్‌బీ పెట్టినది మాత్రం ఒళ్లు వంచి సాధన చేసేవాళ్ల పత్రిక.

గ్లెన్ సండ్‌బీ (1921–2009) స్వయంగా విన్యాసకారుడు. వేదికల మీద ప్రదర్శనలిచ్చేవారు. వాషింగ్టన్ స్మారక స్తంభం లోపలి 898 మెట్లనూ తలకిందులుగా, చేతుల మీదే దిగిన మనిషి. చదునైన నేల మీద నాలుగడుగులు అలా నడవాలన్నా ఎంత కష్టమో మన తాలీంలలో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. మెట్లు దిగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలుతుంది, అడుగడుగునా బరువంతా ఒక్క మణికట్టు మీద పడుతుంది. అలాంటివాడు పెట్టిన పత్రిక కాబట్టే ఎవరు గెలిచారన్న దానితో సరిపెట్టుకోలేదు, ఎలా చేశారన్నదీ పట్టించుకుంది. వీడియోలు లేని రోజుల్లో పక్క దేశంలో ఎవరో డబుల్ బార్ మీద కొత్తగా ఏం చేశారో తెలియాలంటే అచ్చు కాగితమే దిక్కు. ఈ పత్రిక అసలు విలువ అక్కడే ఉంది.

1966లో ఆడపిల్లల కోసం సండ్‌బీ 'మాడ్‌మోజెల్ జిమ్నాస్ట్' అనే మరో పత్రిక తెచ్చారు. 1970ల్లో రెండూ ఒక్కటయ్యాయి. ఇప్పటి పేరు ఆ తర్వాత వచ్చింది. అప్పటికే ఆట ముఖచిత్రం మారిపోతోంది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఓల్గా కోర్బుట్‌ను, 1976 మాంట్రియల్‌లో పద్నాలుగేళ్ల నాదియా కొమనేచిని ప్రపంచమంతా టీవీలో చూసింది. పదికి పది వస్తుందని ఊహించని స్కోరు బోర్డు నాదియాకు 1.00 అని చూపించింది.

1980ల్లో పత్రిక ఓక్లహోమా రాష్ట్రంలోని నార్మన్‌కు, కోచ్ పాల్ జీర్ట్ చేతికి వచ్చింది. 1984 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన బార్ట్ కానర్ ఆయన శిష్యుడే. 1996లో నాదియాను పెళ్లి చేసుకున్నది ఈ కానరే.

మన దగ్గర జిమ్నాస్టిక్స్ వార్త దినపత్రిక ఆటల పేజీలోనే కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణా రెడ్డి వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయురాలు ఆమే. స్కోరు 13.649. సిద్దిపేటలో బడి మైదానంలో పిల్లిమొగ్గలేసే పిల్లకు ఆ అంకె ఒక్కటీ చాలదు, అది ఎలా వచ్చిందో కూడా కావాలి. 25 మీటర్లకు మించని పరుగు, 125 సెంటీమీటర్ల ఎత్తు బల్ల, దాని మీద రెండు అరచేతుల దెబ్బ, గాలిలో పల్టీ, కింద కాళ్లు కదలకుండా నిలబడటం. కాసేపాగి మరో తీరులో మళ్లీ అదంతా. ఆ రెండు దూకుళ్ల సగటే 13.649.