బందరు పేటకు తరలిన అమరావతి రాళ్లు

మచిలీపట్నంలో, అంటే బందరులో, రాబర్ట్‌సన్‌పేట రాబర్ట్‌సన్ అనే కలెక్టరు పేరు మీద వెలిసిన పేట. 1830కి కాస్త అటూ ఇటూగా ఆ కలెక్టరు అక్కడ కొత్త బజారు వేయించి, దాని నడుమ ఉన్న ఖాళీ జాగాను అమరావతి స్తూపం నుంచి తెప్పించిన శిల్పాలతో సింగారించాడు. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు చెక్కుడు పని ఉన్న కిటికీలు, ద్వారబంధాలు విడిగా తీసి, కొత్త ఇంటి గోడకు అలంకారంగా తగిలించుకోవడం ఇప్పటి వేడుక. బందరులో అలాంటి పనే ఇంచుమించు రెండువేల ఏళ్లనాటి బౌద్ధ కట్టడంతో జరిగింది, అదీ సర్కారు అధికారి చేతుల మీదుగా.

ఆ రాళ్లు కట్టడం నుంచి ఊడిరావడానికి రాబర్ట్‌సన్ కంటే ముందే వేరే కారణం ఉంది. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. కొత్త ఊరికి ఇటుక, రాయి కావాలి. ఊరి పక్కనే దీపాలదిన్నె అని జనం పిలిచే పెద్ద దిబ్బ ఉంది, అదే శిథిలమైన స్తూపం. తవ్వితే కావలసినంత సరుకు దొరికింది. 1798 ప్రాంతంలో అక్కడికి వెళ్లిన సర్వేయరు కాలిన్ మెకంజీ శిల్పాలను చూసి ఆశ్చర్యపోయాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిబొడ్డు చెరువు కోసం తవ్విన గుంటగా మారి ఉంది. అతని మనుషులు గీసిన బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రాయి పోయి బొమ్మ మాత్రమే మిగిలిన శిల్పాలూ వాటిలో ఉన్నాయి. మెకంజీ కొన్ని పలకలను బందరు రేవుకు చేర్పించాడు. వాటిలో కొన్ని కలకత్తాకూ, కొన్ని మద్రాసుకూ వెళ్లాయి.

రాబర్ట్‌సన్ ఉద్దేశం మెకంజీది కాదు. మెకంజీకి రాళ్లు చరిత్రకు ఆధారాలు, కలెక్టరుకు బజారు అందానికి పనికొచ్చే వస్తువులు. కలెక్టరు రాళ్లను నిలబెట్టించిన చోటును ఇంగ్లీషు రాతల్లో రాబర్ట్‌సన్ దిబ్బ అన్నారు. ఒక దిబ్బను కొల్లగొట్టి మరో దిబ్బను అలంకరించారన్నమాట. 1835లో గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ ఉత్తర సర్కార్ల పర్యటనకు వచ్చినప్పుడు వెంట వచ్చిన వైద్యుడు బెంజా ఈ పలకలను చూసి, 1837లో మద్రాసు పత్రికలో వాటి గురించి రాశాడు. మరికొన్ని రాళ్లు ఊళ్లోనే అలెగ్జాండర్ అనే ఆంగ్లేయుడి తోటలో కొలువుతీరాయి. రాళ్లను మద్రాసుకు పంపాలని గవర్నరు కోరాడు. ఆ పని మాత్రం వెంటనే జరగలేదు. పేట మధ్య, తోట మధ్య అవి ఇంకా చాలాకాలం ఎండకు ఎండి వానకు తడిశాయి. చివరికి మద్రాసు మ్యూజియానికి చేరాయి.

ఇలా విడిగా నిలబెట్టడంలో పోయేదేమిటో తెలియాలంటే ప్రాకార స్తంభం ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే చాలు. పల్నాటి సున్నపురాయితో చేసిన స్తంభం అది. పాలరాయి అని పేరు పడ్డా నిజానికి పాలరాయి కాదు, లేత ఆకుపచ్చ జీర ఉన్న తెల్లని రాయి. మధ్యలో విచ్చుకున్న పద్మం, పైనా కిందా అర పద్మాలు. ముందువైపూ వెనకవైపూ చెక్కుడే. పక్క ముఖాల్లో మాత్రం బొమ్మలు లేవు, కన్ను ఆకారంలో తొలిచిన గాళ్లున్నాయి. రెండు స్తంభాల మధ్య అడ్డంగా వచ్చే సూచి అనే రాతి కమ్మి కొస ఆ గాడిలో కూర్చునేది. స్తంభాల తలల మీద పొడవాటి ఉష్ణీష శిలలు, వాటి మీద పూలదండను మోసుకుంటూ సాగే మనుషులు. ఇలా ఒకదానినొకటి పట్టుకుని ఇంచుమించు 59 మీటర్ల అడ్డుకొలతతో స్తూపం చుట్టూ తిరిగిన వలయం ఇది. ప్రదక్షిణ చేసేవాడికి లోపలి ముఖం, బయట నిలబడ్డవాడికి వెలుపలి ముఖం. బజారులో ఒంటరిగా నిలిచిన స్తంభానికి ఆ గాళ్లు అర్థంలేని బెజ్జాలు. ఏ రాయి ఏ దిక్కున ఉండేదో ఎవరూ రాసిపెట్టకపోవడంతో వరుస తిరిగి కట్టడం పండితులకు ఇప్పటికీ తలనొప్పే.

అయితే రాబర్ట్‌సన్‌ను ఒక్కడినే తప్పుపట్టడం న్యాయం కాదు. స్తూపాన్ని కట్టినవాళ్లే పాత పలకలను తిప్పి వాడుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకకు ఒకవైపు క్రీస్తుపూర్వపు పని, మరోవైపు క్రీస్తుశకం మూడో శతాబ్దపు స్తూపం బొమ్మ. కొత్త మోజు వచ్చినప్పుడు పాత ముఖాన్ని గోడవైపు తిప్పేసి, వెనకవైపు మళ్లీ చెక్కారు.

దిగువ కృష్ణలో మిగతా స్తూపాల రాత ఇంకా కఠినం. గుడివాడ ఊరి మధ్య ఉన్న స్తూపం ఇటుకలు రోడ్డు పనికి పోయాయి. దివిసీమకు ఏటి అవతల భట్టిప్రోలులో 1870 ప్రాంతంలో ఇంజినీర్లు స్తూపాన్ని పడగొట్టి ఇటుకలు రోడ్డుకు వాడారు, రాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలువ స్లూయిస్‌లో పరిచారు. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వేనాటికి అక్కడ మిగిలింది అడుగుభాగమే. అందులో శాసనాలున్న ధాతు కరండకాలు దొరకడం అదృష్టం. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద ఆయన నివేదిక 1894లో అచ్చయింది. పనికోసం తీసుకెళ్లినవాళ్లు శిల్పాన్నే పోగొట్టారు, అందంకోసం తీసుకెళ్లినవాళ్లు శిల్పాన్ని కాపాడి దాని చోటును పోగొట్టారు. రెండింటిలో రెండోదే మేలని ఒప్పుకోక తప్పదు. అమరావతిలో సున్నపు బట్టీకి పోయిన రాళ్లను ఏ మ్యూజియమూ చూపించలేదు.

1845లో మద్రాసు సర్కారు అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన రాళ్లు మద్రాసులో కళాశాల ముందు ఆరుబయట పడి ఉంటే, మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1850లలో వాటి గురించి పదేపదే పైవాళ్లకు రాశాడు. 1859లో 121 రాళ్లు లండన్‌కు ఓడెక్కాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియానికి దక్కాయి. అదే ఏడు మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ అమరావతి దిబ్బ మొత్తం తవ్వేయమన్నాడు. తర్వాత వచ్చిన పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్‌కు కనిపించింది పెద్ద గొయ్యి, చుట్టూ పడి ఉన్న పలకలు. వాటిని అక్కడే ఉంచాలని పురాతన కట్టడాల సంరక్షణ చూసే హెన్రీ కోల్ వాదించాడు. బర్జెస్ మద్రాసుకు తరలించాడు. అక్కడి సూపరింటెండెంటు జార్జ్ బిడీ వాటిని మ్యూజియం గోడల్లో సిమెంటుతో బిగించి పెట్టించాడు. బర్జెస్‌కు ఆ పని నచ్చలేదు. రెండు వైపులా చెక్కిన రాయికి గోడవైపు ముఖం కనబడదు. పైగా సిమెంటు సున్నపురాయికి సరిపడదు. అలా బిగించిన పలకలను దెబ్బతినకుండా గోడ నుంచి విడదీయడం తర్వాతి తరాల మ్యూజియం సిబ్బంది నెత్తిన పడింది.